వియ్యపురాళ్ళ విశ్రాంతి వారం

ఊరి చివర వంతెన మీద, పొద్దు పొడవకముందే, సైకిలెక్కి వస్తున్న టైలరమ్మకు మరో సైకిల్ మీద ఆవిడ వియ్యపురాలు లెక్కల టీచరమ్మ ఎదురుపడింది. టైలరమ్మ కూతురే టీచరమ్మ కోడలు. ఇద్దరినీ దూరపు సైకిల్ పందేనికి తయారుచేస్తున్నదీ ఆ పిల్లే. టీచరమ్మే ముందు పలకరించింది.

“కూరగాయలకా, వదినగారూ? సైకిల్ బూట్లేసుకునా?”

“మరి మీరో? మోకాలు పట్టేసిందని నిన్న ఫోన్లో మూలిగారుగా!”

“పట్టేసింది. అదే... కాస్త విడిపిద్దామని.”

“చెమటలు కారేలా విడిపిస్తున్నారే!”

“చెమట కాదండీ, పొగమంచు.”

“సరే, మంచే. ఈ వారమంతా సైకిల్ ముట్టుకోవద్దని మా అమ్మాయి చెప్పలేదూ?”

“మీకూ చెప్పిందిగా!”

“నేనెక్కడ ముట్టుకున్నాను? నిద్రలేచి చూసేసరికి దీని మీదున్నాను!”

“నవ్వించకండి, పడతాను! అసలు నాలుగు నెలలు నత్తల్లా తొక్కించిందా? రొప్పు రాకూడదు, కబుర్లు చెప్పుకునేంత మెల్లగా వెళ్ళాలంది. పాలవాడు దాటిపోయాడు, కుక్క దాటిపోయింది...”

“నన్నైతే చంటిపిల్ల బండి తోసుకుంటూ ఒకావిడ దాటిపోయింది. పైగా జాలిగా చూసింది!”

“ముందు పునాది పడాలంది. పడింది. ఇప్పుడేమో కాళ్ళు ఊరుకోవట్లేదు! బోర్డు ముందు నిలబడితే మడమలు వాటంతటవే గెంతుతున్నాయి.”

“నా కుట్టుమిషను గతి చూడాలి. నిన్న తొక్కుతూ తొక్కుతూ ఒక చొక్కాకి మూడు చేతులు కుట్టేశాను!”

“అయ్యో, అయ్యో! కానీ పాలలా ఇప్పుడే పొంగిపోతే పందెం నాటికి గిన్నెలో ఏమీ మిగలదట. ఆఖరి మూడు వారాలు మంట పెంచి, సరిగ్గా ఆ రోజుకి పొంగించాలట.”

“మీకు... మూడు వారాలని చెప్పిందా?”

“ఏం, మీకు కాదా?”

“అబ్బే, మూడే. ఊరికే అడిగాను.”

“దాచకండి. కన్నతల్లి కదా, మీకేదో గుట్టు చెప్పే ఉంటుంది.”

“నాకా! ఉండేది మీ ఇంట్లో, చెబితే మీకు చెబుతుంది. అసలు నేనెందుకొచ్చాననుకున్నారు? మీరు చాటుగా తొక్కుతున్నారేమో చూద్దామనే!”

“నేనూ అందుకేనండీ!”

“హమ్మ హమ్మ! అంటే పందెంలో ఇచ్చే ఆ వెండి కప్పు మీద...”

“యాభై దాటిన ఆడవాళ్ళకి ఉన్నది ఒక్కటే కప్పు. నేనొదలను, ఇప్పుడే చెబుతున్నా.”

“ఇంట్లో మీ మాటే నా మాట, వదినగారూ. రోడ్డెక్కితే మాత్రం మీరు నా వెనక చక్రం చూసుకోవాల్సిందే.”

“అలాగా? ఆ లైటు స్తంభం దాకా వస్తారా?”

“పదండి! మోకాలు జాగ్రత్త!”

“ఆగండాగండి! ఆ వచ్చేది... కోడలుపిల్ల!”

“అత్తయ్యా! లేచి చూస్తే మీ సైకిల్ లేదు. సరే, అమ్మ దగ్గరికెళ్తే అక్కడా లేదు. ఏంటిది, ఇద్దరూ?”

“మీ అమ్మగారే ముందొచ్చారమ్మా!”

“నేనా! మోకాలు పట్టేసిందని మీ అత్తగారే...”

“చాలు! కాళ్ళు ఆగట్లేదుగా, గట్టి తొక్కుడు ఇవాళే మొదలెడదాం. ఇదిగో, నేనెక్కొచ్చిన సైకిల్ చూశారా? రెండు సీట్లు, రెండు జతల పెడళ్ళున్నాయి. పందేనికి మీ పేర్లు విడివిడిగా ఇవ్వలేదు, జంటగా ఇచ్చాను. ఇప్పుడు చెప్పండి, ముందెవరు కూర్చుంటారు?”