వెళ్ళొస్తాననండి

ఆ సీను చెడగొట్టింది కోటమ్మగారే స్పందనా, అందులో దాచడానికేం లేదు. కెమెరా తిరుగుతుంటే వంటింట్లోంచి నోరు తెరిచింది. నీ కంప్యూటరు దాన్ని నాయిస్ అంటోందా? అననీ. ఒక్క క్లిక్కుతో పోతుంది ఆంటీ అంటున్నావు, ముందు ఆ మౌస్ మీంచి చెయ్యి తియ్యి. ఆ కుర్చీ ఇలా లాక్కో. తెలుగు అసోసియేషన్ వాళ్ళు మా పాత సినిమా మళ్ళీ వేసేది శనివారం, ఇవాళ ఇంకా మంగళవారమేగా. టీ తాగు.

కోటమ్మగారంటే నర్సు సుమ లేదూ, వాళ్ళమ్మ. నువ్వు చూసుండవు, అప్పటికి మీ వాళ్ళు ఈ టూవూంబా ఊరికి రాలేదు. తెనాలి నుంచి కూతురి దగ్గరికొచ్చి ఇద్దరూ ఇక్కడే ఉండిపోయారు, ఆవిడా భీమయ్యగారూ. ఆయన నోట్లోంచి మాట రాదు. ఆయన వాటా కూడా ఈవిడే మాట్లాడేసేది. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కొట్టే పిల్లని "ఏమ్మా, అన్నం తిన్నావా?" అని తెలుగులో అడిగేది. ఆ పిల్ల "యెస్ డార్ల్" అనేది. "ఏం తిన్నావ్?" అనేది ఈవిడ. వెనకాల లైను ఆగిపోయేది. సుమ తల పట్టుకునేది. గొంతు కూడా అలాంటిదే, కాస్త బొంగురు, వీధి చివరిదాకా వినపడేది. ఏం చెప్తున్నానూ... ఆఁ, సినిమా.

డాక్టర్ ద్వారకానాథ్ గారికి సినిమా పిచ్చి. వారమంతా జనం గుండెలు చూసేవారు, ఆదివారం టోపీ పెట్టుకుని డైరెక్టరైపోయేవారు. ఎడిటింగ్ నేను. నాకూ రాదనుకో, పుస్తకం చూసి నేర్చుకున్నా. కథ ఏంటంటే, భార్య పోయిన పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి కొడుకుతో మెల్‌బోర్న్ వెళ్ళిపోతాడు. ఆఖరి సీన్లో గుమ్మం దగ్గర ఆగి, ఖాళీ ఇంట్లోకి చూసి, "వెళ్తున్నాను" అంటాడు. అంతే డైలాగు. ఆ వేషం భీమయ్యగారిది. షూటింగ్ మా ఇంట్లోనే, కోటమ్మగారు వంటింట్లో అందరికీ ఉప్మా చేస్తోంది. రిహార్సల్లో ఆయన "వెళ్తున్నాను" అన్నారు. లోపల గరిటె ఠంగుమంది. ఇంకోసారి అన్నారు, మళ్ళీ ఠంగు. నేను లోపలికెళ్ళి "పిన్నిగారూ, కాస్త ఆ గరిటె" అన్నా. "అదేం మాటే జయా, గుమ్మంలో నిలబడి! అంత చదివిన డాక్టరుకి తెలీదూ?" అంది. సినిమా కదండీ అన్నా. "సినిమా అయితే? గుమ్మం నిజందేగా, మనిషి నా మనిషేగా" అంది. నీకు తెలుసుగా, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్ళొస్తా అనాలి. మీ అమ్మని చూడు, ఫోన్లో కూడా ఉంటానంటుంది గానీ పెట్టేస్తానని ఎప్పుడైనా అందా?

సరే, టేక్. బయట ఆగస్టు గాలి, ఎండ సరిగ్గా గుమ్మం మీద పడుతోంది. భీమయ్యగారు సొంత బూట్లు తొడుక్కుని, సొంత సంచీ పట్టుకుని ఉన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. "వెళ్తున్నాను" అన్నారో లేదో, గరిటె ఠంగుమంది, లోపల్నుంచి "ఏవండీ! అదేం మాట? వెళ్ళొస్తాననండి!" అని ఒక్క కేక. ఆయన డాక్టర్నీ మర్చిపోయారు, కెమెరానీ మర్చిపోయారు. వంటింటివైపు తిరిగి, నవ్వి, "సర్లేవే, వెళ్ళొస్తా" అనేసి మెట్లు దిగిపోయారు. "కట్! ఎవరండీ లోపల!" అని డాక్టరుగారు టోపీ తీసి సోఫా మీదికి విసిరారు. మళ్ళీ తీద్దామంటే భీమయ్యగారికి ఇంక ఆ మాట రాదే! ఎన్నిసార్లు చెప్పించినా వెళ్ళొస్తాననే వస్తోంది. ఈలోపు ఎండ పోయింది. ఉప్మా చల్లారింది.

ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు డాక్టరుగారు "ఆ గొంతు తీసెయ్యండి జయశ్రీగారూ, ఇది ట్రాజెడీ, కామెడీ కాదు" అన్నారు. ఒక్కసారి చూడండి అని వేశాను. "కథలో భార్య పోయింది కదండీ, మరి వంటింట్లో గొంతెవరిది?" అన్నారు. ఆయనే మళ్ళీ వెయ్యమన్నారు. వేశాను. ఇంకోసారి వెయ్యమన్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుంటూ "మిక్సీలో ఆ గరిటె చప్పుడు కూడా ఉంచండి" అన్నారు. సౌండ్ మిక్సింగ్ అనబోయి మిక్సీ అన్నారులే, మనిషి అలా ఉన్నారప్పుడు.

అదీ సంగతి. ఇప్పుడా గొంతెందుకు ముట్టుకోవద్దంటున్నానో విను. శనివారం సుమ కొడుకు పండు బ్రిస్బేన్ నుంచి వస్తున్నాడు. అమ్మమ్మ పోయేటప్పటికి వాడికి రెండేళ్ళు. "వాట్ డిడ్ షి సౌండ్ లైక్?" అని, గొంతెలా ఉండేదని అడిగాడట మొన్న వాళ్ళమ్మని. సుమ ఇల్లంతా వెతికింది. వాడు పుట్టాక తీసినవి పెట్టెడు వీడియోలున్నాయి, ఒక్కదాంట్లోనూ ఆవిడ గొంతు లేదు. ఎందుకు లేదంటే, సినిమా మొదటిసారి వేసిన రోజు హాల్లో కోటమ్మగారి కేక వినపడగానే జనం ముందు నవ్వారు, తర్వాత ముక్కులు ఎగబీల్చారు, తర్వాత లేచి చప్పట్లు కొట్టారు. ఆవిడ మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని "పరువు తీశావు కదే జయా, దిద్దకుండా అలాగే వదిలేశావా!" అంది. కావాలనే ఉంచాం పిన్నిగారూ అంటే నమ్మదే. తప్పని తెలిసి ఎవరైనా ఉంచుకుంటారా అంటుంది. కెమెరా ఎదురుగా ఇంక నోరు తెరవనని మా గుమ్మంలోనే ఒట్టు పెట్టుకుంది. పండు మొదటి పుట్టినరోజు వీడియో చూడు, అందరం పాడుతుంటాం, ఆవిడ పెదాలు బిగించుకుని చప్పట్లు కొడుతుంటుంది. ఆఖర్న హాస్పిటల్లో కూడా, సుమ ఫోను పట్టుకుని "ఒక్క మాటమ్మా" అంటే, ముందది సంచీలో పెట్టమని చేత్తో సైగ చేసింది. పెట్టాకే మాట్లాడింది.