లోపలికి మడిచిన గుడ్డ

సాయంత్రం టైలరు కొట్లో ఒకామె సంచిలోంచి ప్యాంటు తీసి మిషను మీద పెట్టింది.

"మళ్లీ నడుము తగ్గించాలా అమ్మా?"

"కాదు బాబాయ్. విప్పి పాత కొలతకే కుట్టండి."

"హమ్మయ్య, మీ సారు అన్నం తింటున్నారన్నమాట. పద్దెనిమిది రోజులుగా వట్టి నీళ్లేనని అప్పుడు ఆయన చెబితే నాకే భయమేసింది."

"షుగరు దిగిందని మాత్రలు కూడా మానేసి మురిసిపోయారు. రెండుసార్లు కళ్లు తిరిగి పడినా నా మాట వినలేదు."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"మూడు వారాల కిందట శుక్రవారం పొద్దున గుండె ఆగిపోయింది. ఒంట్లో లవణాలు బొత్తిగా పడిపోయాయన్నారు డాక్టరు."

"అయ్యో... పోయిన నెలేగా ఈ అద్దం ముందు నిలబడ్డారు. పెళ్లికొడుకులా ఉన్నారన్నాను. ఇక్కడ నిలబడ్డ అందరితోనూ అనే మాటే అది."

"ఇంటికొచ్చి అదే చెప్పారు. ఆ రోజుతో ఆపేద్దామనుకున్న మనిషి, ఇంకో వారం ఉపవాసం చేస్తానన్నారు."

టైలరు చేతిలో కత్తెర కింద పెట్టాడు.

"మరి ఈ ప్యాంటు ఎవరికమ్మా?"

"ఎవరికీ కాదు. నేను కాపురం చేసిన మనిషి కొలతలోనే బీరువాలో ఉండాలి. గుడ్డ చాలుతుందా?"

"చాలుతుందమ్మా. మళ్లీ ఒళ్లు చేస్తారులే అని, కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టాను."