గొంగడి కింది ఎలుగు

హలో… ఆ, ఎవలు? సాయిలువేనా?… నేనే రా, మీ చెన్నయ్య మామను… నకిరేకల్ పోస్టాఫీసు కెల్లి… అందరు మంచిగనే ఉన్నరు. మీ అమ్మ గూడ మంచిగున్నది… అరె, ఫోన్ జేస్తె ఎవలన్న సావాల్నా ఏంది! ఇను ముందుగాల.

నువ్వు పంపిన బ్యాటరీ లైటు ముచ్చట… ఆ, ముట్టింది. మోటరు బస్సుకు వచ్చింది… మంచిగ లేదు… పగల్లేదు రా! పగిలితె బాగుండు. ఎలుగు ఎక్కువున్నది.

… ఎలుగు. ఎక్కువ… నవ్వకు.

అది నాకు గాదు, మా అల్లునికి— మాస్టరు సాబ్, జర తలుపు దగ్గరకేస్తరా?… ఉడ్కపోస్తదా. సరె, ఉండనీయుండ్రి.

సాయిలూ, మెల్లగ జెప్త, ఇను. మా గుర్వయ్యకు చీకటంటె బుగులు… అల్లుడు గుర్వయ్యకు… గట్టిగెట్ల జెప్పాలె, ఈడ మనుషులున్నరు… చీకటి! బుగులు!… ఆ, ఇన్నవా. ఇయ్యాలటిది గాదు. వాగు పొంగిన ఏడు, ఆయన పిల్లగాడప్పుడు, వాళ్ల నాయినతోని మంద కాడ ఉండె. నాయిన వాగుల కొట్టుకవొయ్యిండు. ఈయన ఒక బండ మీద తెల్లార్లు కూసున్నడు. సుట్టు నీళ్ల సప్పుడు, ఏం కనవడది… ఆ, గప్పటి కెల్లి.

… ఎట్ల మానేస్తడు? పగలు నేను మేపుత, రాత్రి ఆయన పండాలె. ఎరువుకోసం చేన్ల మంద పెట్టమని రైతు పిలిస్తె, మంద నడుమ మనిషి లేకుంటె ఎట్ల? పండుతనే ఉన్నడు. గొంగడి ముసుగేసుకొని పండ్లు కొరుక్కుంట కూసుంటడంట. నా బిడ్డ సుక్కమ్మ జెప్పింది. ఆయన జెప్పలె. జెప్పడు గూడ.

ఇల్లరికం వచ్చినోడు సాయిలూ. ఊరోళ్లకు తెలిస్తె ఊకుంటరా? పిరికోడని పేరు వెడ్తరు. పేరు వెట్టిన్నాడే నా బిడ్డను తోల్కొని వాళ్లూరికి వోతడు… వోతనన్నడు. ఇయ్యాల పొద్దుగాలే అన్నడు.

… ఏమైందో జెప్పనీయ్ రా మరి!

నీ బ్యాటరీ మోచెయ్యంత ఉన్నది. రాత్రి ఏడనో నక్క కూసింది. ఈయన గుండీ ఒత్తిండు. ఎలుగు పొయ్యి మంద మీద వడ్డది. కురుమోని కొడుకువు, గొర్ల కండ్లెట్ల మెరుస్తయో మర్సినవా? మందల ఉన్న కండ్లన్ని ఒక్కపారి పచ్చగ మండినయి. దానికంటె చీకటే నయమాయె. ఆయన ఒర్లిండు. ఒర్లంగనె గొర్లు తడకలు దుంకి పక్క జొన్నచేన్ల వడ్డయి… రఘుపతి పటేలుది. ఆ, మంద వెట్టిచ్చుకున్నది గూడ ఆయన్నే… పొద్దుగాల నేను పొయ్యి గొర్లను మల్పి, ముఖం గూడ కడుక్కోకుంట సీదా ఈడికి నడ్సుకుంట వచ్చిన.

మసకది కావాలె నాకు… అవు, మసకదే. దూరం కొట్టేది ఒద్దు. గొంగడి లోపట పట్టుకుంటె తన చెయ్యి తనకు కనవడాలె. బయటోనికి కనవడొద్దు. గొర్రెకు కనవడొద్దు. గంతే.

… కందీలా? గొంగడి లోపట కందీలు వెట్టుకొని కాలాల్నా?

… గుడ్డ ముందే కట్టినం. సుక్కమ్మ పాతచీర చింపి కట్టింది. మూడు సెల్లు రా, గుడ్డల కెల్లి గూడ దుంకుతాంది.

… సగం అయిపోయిన సెల్లు ఏస్తె, నడిరాత్రి ఆరిపోతె? మొదాలు లేకుంటె ఒకటి. ఉన్నదనుకున్నది ఆరిపోతె, ఆయన గుండె గూడ ఆగుతది.

… పచ్చద్దమా? ఆయన ఏమన్న రైలు నడుపుతుండా?

… మల్ల పెద్దదే జెప్తవేంది! 'మామా, గిది ఇంక మంచిది, మామా, గిది ఊరవతలికి కొడ్తది'. మీ దుకాణం సేటు పక్కకే ఉన్నడా?… ఉంటె జెప్పు, మా మామకు మంచిది ఒద్దంట, అన్నిట్ల పనికిరానిది సూపియ్యమను.

… ఉన్నదా?… ఎంత, బొటనేలంతనా? ఒకటే సెల్లు. ఎవ్వలు కొంటలేరా. మంచిది. ఎలిగిచ్చి సూడు… మీ దుకాణంల కరెంటు బుగ్గ ఎలుగుతాంటె ఏం దెలుస్తది! బల్ల కిందికి దూరు… దూరు రా. సేటు నవ్వితె నవ్వనీ. కంబలో గోనెసంచో మీద కప్పుకో.

… కప్పుకున్నవా?… అరచెయ్యి కనవడ్తాందా?… గీతలు?… కాళ్లు?… కాళ్లు కనవడ్తలెవ్వా? గదే. గదే కావాలె నాకు. బయటికి రా ఇగ, దగ్గొస్తది.

సూర్యాపేట మోటరు డ్రైవరుకియ్యి. కేతేపల్లి కాడ నేను నిలవడ్త. పొద్దు మూకకముందే ముట్టాలె. గుర్వయ్యకు ఇంకో రాత్రి—

— పటేలా, దండాలు. రాండ్రి, రాండ్రి… ఆ, ఫోనే, పట్నంకు. మా అక్క కొడుకుతోని… ఒక్క నిమిషం.

హలో… ఎవలికేంది? నాకే… నాకు రా. మీ మామకు… గుర్వయ్యకెందుకు, ఆయనకేం తక్కువ! చీకటంటె నాకు బుగులు… ఆ, నాకే! ఎన్నిసార్లు ఒర్లాలె? పట్నమంత ఇనాల్నా?… ముసలితనం. ఏం జేయాలె… నవ్వు. కడుపునిండ నవ్వు.

ఇన్నరుగద పటేలా. రాత్రి మీ జొన్నచేను నా పుణ్యమే. నక్క కూస్తె బుగులువడి బ్యాటరీ ఏసిన, గొర్లు బెదిరినయి… అల్లుడా? రాత్రొక్కనాడు ఆయన ఇంటికాడ పండిండు. అందుకే గిట్లయ్యింది. ఆయనుంటె కానిచ్చునా?… కోపానికి రాకుండ్రి. మంద ఇంకిన్ని రాత్రులు పైసల్లేకుంట ఉత్తగనే మీ చేన్ల వెడ్త. నేను గాదు లెండ్రి, అల్లుడే పండుతడు. గుండెగల్లోడు.

… నవ్వుండ్రి పటేలా, ఏం గాదు. గా మాస్టరు సాబుకు గూడ జెప్పుండ్రి. ఇందాక అల్లుని పేరు ఇన్నడాయన. సిగ్గై గట్లన్న. నా ముచ్చటే అది.

సాయిలూ… ఇంక ఉన్నవా?… ఆ, గదే, బొటనేలంతది. పెట్టేస్తున్న.