దరియావలి రెండు కార్బురేటర్లు

కావలి స్టేషను ఎదుట హజరత్తయ్య టీ బంకులో ఆ శనివారం మధ్యాహ్నం సంజీవరావు టీ చల్లారబెట్టుకొని కూర్చున్నాడు. ఆయన కారు పక్కనే ఇమామ్ సాహెబ్ షెడ్డులో బానెట్టు తెరుచుకొని ఉంది. నర్సు ఎలిశబెతును రోజూ సముద్రం ఒడ్డు ఊళ్ళకు కాన్పులకు తిప్పే కారు అది. సోమవారం పొద్దున్నే మళ్ళీ రోడ్డెక్కాలి. "ఈ కాస్త టయిములో ఒక్క పనే అవుతుంది సారూ. కార్బురేటరు మార్చి ఉరికించమంటారా, బ్రేకులు విప్పమంటారా? రెండోది వచ్చే నెలే," అని ఇమామ్ సాహెబ్ తేల్చి చెప్పేసినాడు.

సంజీవరావు మనసు వేగం మీదే ఉంది. గురువారం ఇస్కపల్లికి అరగంట ఆలస్యంగా చేరినారు. బిడ్డ బాగానే ఉంది గానీ, తల్లి ప్రాణం నిలబెట్టడానికి ఎలిశబెతు తెల్లవార్లూ కష్టపడింది. ఆ రాత్రి ఆయన కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

"బ్రేకుదేముందిలే, రెండు మూడు సార్లు తొక్కితే పడతానే ఉంది," అన్నాడు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

అంతే, బెంచీ చివరి నుంచి దరియావలి జరిగి దగ్గరికొచ్చేసినాడు. ఒకప్పుడు సొంత టాక్సీ నడిపి, ఇప్పుడు ఎవరిదో లారీ తోలుతున్న మనిషి.

"బ్రేకులా? ఆగేదానికి కారెందుకు సారూ, ఇంట్లో మంచం ఉండాదిగా! ముందు ఇంజను సంగతి చూడండి. నా టాక్సీకి ఒకటి కాదు, రెండు కార్బురేటర్లు బిగించినా. బిగించిన రోజే ఒకాయన రొప్పుకుంటా వచ్చినాడు, మెయిలు రైలు తప్పిపోయింది, నెల్లూరు పోవాలని. ఎక్కండి సామీ అన్నా. బిట్రగుంటలో రైలు నీళ్ళు పట్టుకుంటా ఉంటే దాని పక్కన పెట్టినా కారు."

"అది అయ్యే పనే," అన్నాడు హజరత్తయ్య టీ వడగడుతూ.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆయన దిగనన్నాడు! ఈ సుఖం రైల్లో యాడుంది, పోనీ అన్నాడు. సరేనని తొక్కినా. కొడవలూరు దాటేసరికి నా నీడ వెనకబడిపోయింది. ఎండ మండిపోతా ఉండాది, కారు కింద చూస్తే నీడ లేదు. ఎద్దుల బండి అడ్డమొస్తే హారను కొట్టినా, శబ్దం రాలా. చెడిపోయిందేమో అనుకున్నా. చెడిపోవడమా! నేను పడుగుపాడులో కళ్ళద్దాలు తుడుచుకుంటా ఉంటే అప్పుడొచ్చింది సారూ ఆ హారను, ఆయాసపడతా!"

బంకులో అందరూ నవ్వినారు. సంజీవరావూ నవ్వినాడు. నవ్వుతూనే, నొప్పులు మొదలవకముందే ఇస్కపల్లి చేరిపోయినట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహ బలే తీపిగా ఉంది.

"పెన్నేటి మీద వంతెన ఉండాదే, దాన్ని నేను చూడనే లేదు. ఏట్లోనే పోయినా. నీళ్ళకు తడిపే టయిము దొరకలేదు, టైర్లు ఎండినట్టే అవతల తేలినాయి. నెల్లూరులో దిగి గడియారం చూస్తే, కావలిలో బయల్దేరినదానికి ఇంకా అయిదు నిమిషాలు తక్కువ ఉండాది. ఆయనకు నమ్మకం కలగలా. కావలి టాక్సీ స్టాండుకు ట్రంకాలు చేసి, దరియావలి బయల్దేరినాడా అని అడిగినాడు. అక్కడ ఫోనెత్తిందెవరనుకుంటున్నారు?"

"ఎవురబ్బా?" అన్నాడు హజరత్తయ్య.

"నేనే! ఇదిగో, ఇప్పుడే బయల్దేరతా ఉండా సామీ అన్నా!"

బెంచీ ఊగేటట్టు నవ్వినారు. సంజీవరావు షెడ్డు వైపు తిరిగి, కార్బురేటరే మార్చమని కేకేయబోయినాడు. అప్పుడు చూసినాడు, ఎలిశబెతు బంకు గుంజ పట్టుకొని నిలబడి ఉంది. సోమవారానికి కారు వస్తుందో లేదో కనుక్కుందామని వచ్చినట్టుంది. ఆమె నవ్వడం లేదు.

"దరియావలన్నా, అంత వేగంలో పోతున్న కారును ఎట్టా ఆపినావు?"

"ఆపడానికేముంది నర్సమ్మా..." అని నోరు తెరిచినాడు దరియావలి. వాళ్ళలో ఎవరూ అంతవరకూ ఆ మనిషి మాట కోసం వెతుక్కోవడం చూడలేదు.

"నిజంగానే అడుగుతున్నానన్నా. రోజూ ఆ కార్లో కూర్చునేది నేనే గదా."

దరియావలి చేతిలో టీ గ్లాసు బెంచీ మీద పెట్టేసినాడు.

"ఆపలేదమ్మా," అన్నాడు చివరికి. "ఆ రోజు నెల్లూరు పోనే లేదు. కొత్తగా బిగించినాం గదా, తోలి చూద్దామని తుమ్మలపెంట దారి పట్టినా. ఉప్పు పండించే కొటార్ల తావ మలుపులో బ్రేకు తొక్కితే కాలు కిందికి పోయింది గానీ కారు నిలబడలా. ఉప్పు కుప్పలో దూరి ఆగింది. దిగి చూస్తే ముందు చక్రానికి మూరెడు దూరంలో ఒక ఆడమనిషి, నెత్తిన ఉప్పు తట్టతో. నన్ను ఒక్క మాట అనలేదమ్మా. తిట్టినా బాగుండేది. ఆ వారమే కారు అమ్మేసినా."

హజరత్తయ్య టీ వడగట్టడం మానేసినాడు. సంజీవరావు షెడ్డులో తన కారు వైపు చూసినాడు. ఇస్కపల్లి దారిలోనూ ఆ మలుపులాంటివి ఎన్ని లేవు! రెండు మూడు సార్లు తొక్కే వ్యవధి ప్రతిసారీ ఎవరిస్తారు?

"మరి ఆలస్యం సంగతి?" అన్నాడు ఎలిశబెతుతో, బిడ్డలా.

"నెలలు నిండినోళ్ళ పేర్లు నా దగ్గర ఉన్నాయి. కబురు కోసం కూర్చోకుండా ముందే బయల్దేరదాం. చేరితే చాలు గదండీ."

సంజీవరావు లేచి షెడ్డులోకి నడిచినాడు. "సాయిబుగారూ, చక్రాలు విప్పండి. బ్రేకులు."

ఇమామ్ సాహెబ్ తల ఊపి జాకీ కోసం వంగేసరికి, వెనకనుంచి దరియావలి వచ్చి దాన్ని అందుకున్నాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కారు పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, మొదటి బోల్టుకు స్పానరు తగిలించి గట్టిగా ఒక తిప్పు తిప్పినాడు. ముఖంలోకి మళ్ళీ వెలుగొచ్చింది.

"ముందు బ్రేకులే సారూ," అన్నాడు బంకులో అందరికీ వినబడేటట్టు. "ఇందాకటి నుంచీ నేను మొత్తుకుంటా ఉండేది అదే గదా!"