ఊరందరికీ ఒకే ఆది చొక్కా

ఆదివారం పొద్దున, మామగారి దర్జీ కొట్టు. అల్లుడు రాక రాక వచ్చాడు. వచ్చింది మామగారి కోసం కాదు, తను తయారుచేసిన డాక్టర్ అపాయింట్‌మెంట్ల యాప్ ఆయన పాత ఫోన్లో ఎలా నడుస్తోందో చూడ్డం కోసం.

"అదిగో, మళ్ళీ బిగుసుకుపోయింది. చెప్పానా అల్లుడుగారూ?"

"ఒక్క నిమిషం మామయ్యా. పాత ఫోను కదా, కాస్త ఆలోచిస్తుంది."

"ఆలోచించనివ్వండి. ఈలోగా నేను రెండు బొత్తాలు కుడతాను."

"వచ్చేసింది, చూడండి."

"వచ్చింది. కంటి డాక్టరుగారి పేరు సగం వచ్చింది. అపాయింట్‌మెంట్ ఖాయం చేసే బటనేది?"

"ఉంది. తెర కిందకి... జారిపోయింది. మీరు అక్షరాలు ఇంతింత పెట్టుకుంటే, అది మాత్రం ఎక్కడికి పోతుంది?"

"కళ్ళు కనబడకే కదా బాబూ కంటి డాక్టరు. తప్పంటారా?"

"తప్పని కాదు. నా ఫోన్లో చూడండి, ఎంత చక్కగా ఉందో."

"మీ చొక్కా మీకు చక్కగానే ఉంటుంది. దాన్నే ఆది పెట్టుకుని ఊరందరికీ కుడితే, నేనీ పాటికి కొట్టు మూసుకునేవాణ్ణి."

"సరే, అది సర్దేస్తాను. అసలు చిక్కు ఆ బిగుసుకుపోవడం. రేపు పొద్దున్న మేనేజరుకి బాగుచేసి చూపించకపోతే, యాప్ నా చేతిలోంచి తీసి నా జూనియర్‌కి ఇచ్చేస్తాడు."

"అంతదాకా వచ్చిందా?"

"అంతా ఒక్కడి వల్ల. ఎవడో ఒక్క స్టారిచ్చి, కింద ఓ మాట రాశాడు. మేనేజరు దాన్ని మీటింగులో అందరి ముందూ చదివాడు."

"ఏమని రాశాడేం?"

"ఎందుకులెండి."

"చెప్పండి, కుడుతూ వింటాను."

"'ఈ యాప్ చేసినాయన అద్దంలో తనని చూసుకుని అందరికీ కొలతలు తీసినట్టున్నాడు' అని. పనీ పాటా లేని వెధవ."

"పని తెలిసినవాళ్ళ మాటలా ఉందే."

"మీరు కూడానా మామయ్యా."

"పోనీలెండి. ఇంతకీ ఎందుకు బిగుసుకుపోతోంది?"

"మీకెలా చెప్పాలి... తెర మీద కనిపించేవన్నీ డబ్బాలే. డబ్బాలో డబ్బా, అందులో డబ్బా. పైది లోపలిదాన్ని, నీకెంత చోటు కావాలని అడుగుతుంది. అది తన లోపలిదాన్ని అడుగుతుంది."

"మంచిదేగా."

"పక్కపక్కవి సమానంగా కనబడాలని నేను ప్రతిదాన్నీ రెండేసిసార్లు అడిగించాను. కొలవడానికోసారి, సర్దడానికోసారి."

"అలాంటివెన్ని?"

"పది."

"అయితే ఇరవైసార్లు."

"కాదు. మొదటిది రెండుసార్లు అడిగితే, రెండోది ఆ ఒక్కోసారికీ రెండేసిసార్లు. రెండు, నాలుగు, ఎనిమిది... అట్టడుక్కి చేరేసరికి వెయ్యి దాటుతుంది."

"ఆ అట్టడుగున ఏముంది?"

"డాక్టరుగారి ఫొటో."

"ఆయన్ని వెయ్యిసార్లు కొలిచారా? నా దగ్గర రెండోసారి టేపు తీస్తేనే మనుషులు అనుమానంగా చూస్తారు."

"నా ఫోను గబగబా కొలిచేస్తుంది. అందుకే తెలియలేదు."

"అసలు పది డబ్బాలెందుకు?"

"అంటే... ఎవరే మార్పు అడిగినా, పాతది విప్పితే ఎక్కడ ఊడిపోతుందోనని, పైన ఇంకోటి తొడుగుతూ వచ్చాను."

"చిరుగు కుట్టకుండా చొక్కా మీద చొక్కా. పది తొడిగి పరిగెత్తమంటే ఎలా బాబూ?"

"విప్పేస్తాను. ఇవాళే విప్పేస్తాను. ఫొటోకి కొలత ముందే రాసిపెట్టి, పేరుకి మాత్రం సాగే చోటు వదిలితే, ఇక ఎవర్నీ రెండోసారి అడగక్కర్లేదు."

"ఆ బుద్ధి మూడు నెలల కిందటే ఉండాల్సింది."

"మూడు నెలలేంటి, మీ ఫోన్లో అప్పట్నుంచీ ఇలాగే ఉందా? మామయ్యా, ఆ కొలతల మాట... ఆ వెధవ... అదే, ఆ రాసినాయన, మీరు కాదు కదా?"

"నేనా? ఫోన్లో నా పేరు రాసుకోవడమే రాదు నాకు."

"హమ్మయ్య."

"ఫోను మాత్రం ఇదే."

"ఎవరు రాశారు?"

"ఇవాళ మిమ్మల్నిక్కడికి ఎవరు పంపించారు?"

"మీ అమ్మాయి. నాన్న ఫోన్లో చూస్తే తెలుస్తుంది అంది."

"అంతకుముందెప్పుడైనా చెప్పిందా, నాన్న ఫోన్లో బిగుసుకుపోతోందని?"

"ఏదో అంది. నా ఫోన్లో బాగానే ఉంది అన్నాను."

"ఆ మాటే అన్నారట. డాక్టరు దగ్గర నా వంతు రెండోసారి తప్పిపోయిన రోజున, 'నేను చెబితే ఆయనకి ఎక్కదు నాన్నా, వాళ్ళ మేనేజరు చదివితే ఎక్కుతుంది' అంటూ, మీరిప్పుడు కూచున్న స్టూలు మీదే కూచుని రాసింది."