కాల్చిన పందికి జ్ఞానస్నానం

"ఇదిగో రుఫినక్కా, ముందే చెబుతున్నా, ఈ ఏడు కూడా నీ పందికి కాపలా నేనే! పోయినేడు పంది చర్చికి చేరలేదని ఊరంతా నన్ను ఆడిపోసుకుంది. నోరు మూసుకుని ఊరుకున్నా. ఎందుకూ? అసలు జరిగింది చెబితే మీ గుండెలు ఆగిపోతాయని!"

దోమెంగ్ కాఫీ కొట్టు ముందు టెమ్యో ఇలా ఎత్తుకునేసరికి మేం బల్లలు దగ్గరికి లాక్కున్నాం. నీళ్ళతో జ్ఞానస్నానాలిచ్చిన శాన్ హువాన్ స్వామి పండగ పొద్దు. ఆ పూట వీధిలోకొచ్చిన ఎవరికైనా నెత్తిన బిందెడు నీళ్ళు తప్పవు కాబట్టి అందరం తడిసి ముద్దయి ఉన్నాం. రుఫినక్క మాత్రం కాఫీ తాగుతూ కూచుంది. కొడుకు జ్వరమొచ్చి చావుదాకా వెళ్ళినప్పుడు, బతికిస్తే, కాల్చిన పందిని ఊరేగించి ఫాదరు చేత దీవెన ఇప్పిస్తానని శాన్ హువాన్‌కి మొక్కుకుంది. పంది చర్చి మెట్లెక్కందే ఆ మొక్కు తీరదు.

"దారిపొడుగునా కాలిన తోలు పీక్కుతినే చేతులే కదా! అందుకని పందికి ముళ్ళతీగ నేనే చుట్టా. పండగ ఆనవాయితీ ప్రకారం పూలగౌను తొడిగి, నల్లకళ్ళద్దాలు పెట్టి బయల్దేరదీశా. చెయ్యి చాపినవాడికల్లా కర్రతో ఒక్కటిచ్చా."

"అంతవరకూ నిజమే. నాకూ తగిలింది," అన్నాడు దోమెంగ్.

"విన్నారా! సరే, చేపల బజారు మలుపులో మేడమీంచి ఎవరో డ్రమ్ముడు నీళ్ళు కుమ్మరించారు. శాన్ హువాన్ పేరు చెప్పి పోసిన నీళ్ళు మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? చెవి కదిలింది."

"ఎవరి చెవి?"

"పందిదయ్యా! నాకు గుండె గుభేల్మంది. కళ్ళద్దాల వెనక కళ్ళు తెరిచింది. తుమ్మింది చూడూ, కడుపులో కుక్కిన నిమ్మగడ్డంతా వీధిలో పడింది! మోసేవాళ్ళు పిరికిపందలు, అసలు పందిని నామీద వదిలేసి పారిపోయారు. అదేమో, వెదురుబొంగు ఒంట్లో దిగింది దిగినట్టే లేచి నిలబడి, గౌను సర్దుకుని, తిన్నగా చర్చిలోకి పరుగు!"

"ఓరి దేవుడా! మరి ఫాదరు చూళ్ళేదా?"

"చూసే మూర్ఛపోయాడు. అందుకే ఆయనకేం గుర్తులేదు. పాపం, అది మోకాళ్ళ మీద కూచుని నావంకే చూస్తోంది. ఏం చెయ్యను? నేనే నీళ్ళు చల్లి, నేనే జ్ఞానతండ్రిగా నిలబడి, హువానిటో అని పేరు పెట్టా. కాబట్టి అక్కా, నీ మొక్కు తీరిపోయినట్టే!"

రుఫినక్క తలెత్తి చూసింది.

"జ్ఞానస్నానమయ్యాక దాన్ని కోసుకు తింటామా? తప్పు కదూ! అందుకని వీపెక్కి సముద్రంలోకి తోలా. ఒళ్ళింకా నిప్పులాగే ఉందేమో, నీళ్ళు సలసలా మరిగి, చేపలన్నీ ఉడికి పైకి తేలాయి. జాలర్లు అన్నం గిన్నెలతో పడవలేసుకుని వెంటపడ్డారు! మిందోరో దీవిలో దింపొచ్చా. నమ్మితే నమ్మండి, మొన్న క్రిస్మస్‌కి పెళ్ళాం పిల్లల్తో మా గుమ్మంలో దిగింది. జ్ఞానతండ్రిని కదా, బహుమానం ఇవ్వమని!"

"ఏమిచ్చావు?"

"తవుడు. చిన్నబుచ్చుకుంది."

అందరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఇంతగా బరితెగిస్తాడని టెమ్యోని ఎరిగిన మేమే అనుకోలేదు. రుఫినక్క కాఫీ గ్లాసు పక్కన పెట్టింది.

"టెమ్యో, ఏడాదిగా నాకు కంటిమీద కునుకు లేదురా. నా మొక్కు ఆ స్వామికి నచ్చలేదనుకున్నా. పిల్లాడికి ఒళ్ళు కాస్త వెచ్చబడితే చాలు, తీసుకుపోవడానికొచ్చాడని పైప్రాణాలు పైనే పోయేవి. నిన్న నీ పెళ్ళాం వచ్చి నా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నువ్వూ, ఆ మోసేవాళ్ళూ చేపల బజారు వెనక కూచుని తినేశారట. మిగిలింది పులుసు పెట్టమని ఇంటికి పట్టుకెళ్ళావట. ఆ ముద్ద తనకి ఇప్పటికీ గొంతు దిగలేదట."



"అక్కా, దాని మాట పట్టుకుని..." టెమ్యో నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అప్పుడే రుఫినక్క మరుదులు వెదురుబొంగు భుజాన వేసుకుని, గౌనూ కళ్ళద్దాలూ పెట్టిన కాల్చిన పందిని వీధిలోకి తెచ్చారు. మాట తప్పించడానికి ఇదే అదనని టెమ్యో గబగబా లేచాడు. "పదండి పదండి, ముళ్ళతీగేది? ఈసారి కళ్ళల్లో వత్తులేసుకుని కాస్తా!"

"కాయి మరి. కాపలా నీకే ఇస్తున్నా," అంది రుఫినక్క. "నీ పెళ్ళాం నిన్న వట్టి చేతుల్తో రాలేదు. నీ దొడ్లో నువ్వు పెంచుకున్న పందిని తోలుకొచ్చి, దీంతో మొక్కు తీర్చుకో అక్కా అని తాడు నా చేతిలో పెట్టింది. పండగ తాగుళ్ళలో పడి నిన్నట్నుంచీ ఇంటి మొహం చూశావా నువ్వు?"

టెమ్యో పంది దగ్గరికెళ్ళి, కళ్ళద్దాలు పైకెత్తి చూశాడు. తన పందే. కళ్ళద్దాలు మళ్ళీ సర్ది, కర్ర చేతికి తీసుకున్నాడు.

ఆ రోజు ఊరేగింపులో ఒక్కణ్ణీ దానిమీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఏడుస్తూనే కొట్టాడు. తోలు ముక్క కూడా ఊడకుండా పంది చర్చి మెట్లెక్కింది.