బెండు మీద నిలిచిన చూపు

1906 జూన్ 11, సోమవారం నాడు, తాడేపల్లిగూడెంలో రైలెక్కి ఏలూరులో దిగి, చంకలో రంగులపెట్టెతో కంటి ఆసుపత్రి మెట్లెక్కిన యువ వైద్యులు శ్రీ రామచంద్రమూర్తి గారిని చూసి, డ్రాయింగు మేష్టారెవరో దారి తప్పి వచ్చారని నాటి సిబ్బంది అనుకున్నారట. ముప్పై ఒక్క సంవత్సరాల అనంతరం, అదే పెట్టెతో వారు పదవీ విరమణ చేస్తున్న ఈ శుభవేళ మనకు ఆనందమూ, కించిత్తు దిగులూ కలగడం సహజం.

నేత్రాంతర్భాగాన్ని ఛాయాచిత్రం తీసే యంత్రాలు విదేశాలలో వెలిశాయని చదివి ముచ్చటపడటమే తప్ప, అవి మనకింకా అందలేదు. అందుచేత చిన్న అద్దంతో దీపకాంతిని రోగి కంటిలోకి పంపి, వెనుకనున్న నేత్రపటలాన్ని రక్తనాళాలతో సహా వారు స్వహస్తాలతో రంగులలో చిత్రించేవారు. ఇంట్లో కుంకుమ తరిగినప్పుడల్లా శ్రీమతి కనకమహాలక్ష్మి గారు మొదట ఆ రంగులపెట్టెనే అనుమానించేవారు.

1932లో మద్రాసు వెళ్లి, ఊడిన నేత్రపటలంలో చిరుగెక్కడుందో కనిపెట్టి, ఆ చోట వేడి తగిలించి అతికించే నూతన శస్త్రచికిత్సను అభ్యసించి వచ్చారు. అంతకు మునుపు అటువంటి రోగులకు ధైర్యం చెప్పి పంపడమే మన వైద్యం.

మరుసటి ఏడు కొల్లేటి లంక నుంచి పెద్దింటయ్య అనే జాలరి, తన భార్య పైడమ్మ చెయ్యి పట్టుకుని వచ్చాడు. ఒక కన్ను చిన్ననాడే పోయింది. ఉన్న కంటికి పడవ గడ తగిలి, చూపులో కింది నుంచి చీకటి లేస్తోంది. చిరుగు పైభాగాన ఉండాలి. అది కనబడాలంటే అతడు పైకి చూడాలి. కాని పెద్దల ఎదుట కన్నెత్తకపోవడం అతడు పుట్టి పెరిగిన మర్యాద. మూర్తిగారు పైకి చూడమన్నప్పుడల్లా చేతులు కట్టుకుని చూపు నేలకు దించేవాడు.

"కన్నెత్తకపోతే కన్నే పోతుందయ్యా!" అన్నారు మూర్తిగారు, విసిగిపోయి.

"తమరి మొహంకేసి ఎలా చూడనండీ? తప్పు కదండీ," అన్నాడతడు, మరింత వంగి.

కోపం కాస్తా నవ్వైపోయింది. మర్నాడు పైడమ్మ చేత వల బెండు ఒకటి తెప్పించి, తమ తల వెనుక దూలానికి వేలాడదీయించారు.

"నన్ను చూడకు. చేప పడితే బెండు కదులుతుంది. అదొక్కటే చూడు!"

అంతే, ఆ కన్ను రెప్ప వేయడం మరిచింది. చిరుగు దొరికింది, చిత్రం పూర్తయింది, శస్త్రచికిత్స జరిగింది. కట్టు విప్పిన ఉదయం ఆసుపత్రి సిబ్బందిమి మేమందరం చుట్టూ నిలుచున్నాం. పెద్దింటయ్య చాలాసేపు దూలం కేసి చూశాడు.

"ఇన్నాళ్లయిందండీ, ఒక్క చేపా పడలేదండీ!"

పైడమ్మ ఏడుస్తూనే నవ్వింది. మూర్తిగారు ఉత్తరీయంతో కళ్లు తుడుచుకుని, చెమట అన్నారు.

విరమణ వార్త విని అతడు మొన్న తన పడవ తానే నడుపుకుని కాలువ మీద వచ్చాడు. మూర్తిగారు కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇవాళైనా నా మొహం చూడవయ్యా," అని అడిగారు. అతడు మెల్లగా కన్నెత్తి, తేరిపార చూసి, "అయ్యో, తమరికి జుట్టంతా నెరిసిపోయిందండీ!" అన్నాడు.

ఆ నెరిసిన జుట్టు మరింత తెల్లబడే దాకా, తమ రంగులూ తమ చూపూ తరగకుండా, శ్రీ మూర్తి దంపతులు సంపూర్ణారోగ్యంతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. దూలానికి ఉన్న ఆ బెండును మాత్రం మేము విప్పబోము.